ఆరో గడి

జీవకోనలో మా మిద్దిమీది రేకుల గది
ముటింటాకు బాడుగకిచ్చినా.
జాంబియాలో చోమా అనే ఊరంట ఆ పిల్లది,
ఈడ యూనివర్సిటీలో చదవతా ఉండాది.
వీధి పిలకాయలు ఆ పేరును నమిలి నమిలి
ముత్తమ్మను చేసేసినారు.
పిలిస్తే పలకతాది.

నేను రెండున్నరకే లేచి
మొదటి బస్సుకు కొండెక్కతా.
కల్యాణకట్టలో బ్లేడు సగానికి తుంచి
ఒక తల, దాని ఎనక ఇంకో తల.
ఏ ఊరి మొక్కో, ఏ ఆసుపత్రి భయమో
తడి వెంట్రుకల్లో తెలీదు.
తలలెన్నో మాత్రం రాసుకుంటారు.

ఆ రాత్రి కరెంటు పొయ్యింది.
ల్యాప్‌టాప్ ఎలుగులో మెట్లు దిగొచ్చి
"అక్కా, ఈడ ఏ నంబరెయ్యాల?" అనింది.

వాళ్ల ఊర్లో బస్టాండు ఎనక
పాత ఇనప కంటైనరు ఒకటుండాదంట.
బడి మానేసిన ఆడపిల్లలు పదకొండు మంది,
ఒకమ్మి ఈపున బిడ్డను కట్టుకోనే వస్తాదంట.
జడలల్లేది నేర్చుకుంటారు.
శుక్రవారం అందురూ పొయ్యి
మా వీధికి కొళాయేదని ఆఫీసులో కూర్చుంటారు.
బాడుగ కట్టక మూడు నెల్లు.
యాడో చలిదేశంలో దుడ్లిచ్చే ఆఫీసోళ్లు
ముప్పై పేజీల ఫారం పంపినారు.
ఆరో గడి:
ఎందరి జీవితాలు మారినవి? అంకెల్లో మాత్రమే.

"లుయాండో అని ఒకమ్మి, అక్కా.
రెండు నెల్లు నోరు తెరవలా.
వచ్చేది, చిమ్మేది, పొయ్యేది.
మూడో నెల్లో ఒకదినం
పక్కపిల్ల అల్లిన జడ పట్టుకోని
'వదులుగా ఉండాది, విప్పి మళ్లీ అల్లు' అని అరిచింది.
దానికి ఏ నంబరు?"

నాకేం తెలుసు.
మా ఇండ్లల్లో కత్తి మగోళ్ల చేతిదే.
నేను పట్టుకుంటానంటే మా మామ నాదముని
నాదస్వరం గూట్లో పెట్టి రెండు పూట్లు అన్నం మానేసినాడు.
కుండకు సబ్బునురగ పూసి
కుండను గొరిగి గొరిగి నేర్చుకున్నా.
మొదటి కత్తికి మున్నూరు రూపాయలు
పొదుపు సంఘంలో కుప్పమ్మత్త ఇచ్చింది.
ఫారం లేదు, గడీ లేదు.
వారానికొచ్చి చెయ్యి తిప్పి చూసి
"తెగిందా?" అనింది. అంతే.

శనివారం మీటింగులో చెప్పినా.
"మన పిల్లోళ్లకే దిక్కులేదు,
చూడని ఊరికి దుడ్లా?" కాంతమ్మ లేసింది.
తప్పేం కాదు ఆమె మాట;
ఆమె కొడుకు ఐటీఐ ఫీజుకు
పోయిన నెలే మేం లేదన్నాం.
"వెంట్రుకలు వేలం పాడించుకోని సముద్రం దాటిపోతాయే,
వాటికి లేని అడ్డం దుడ్లకెందుకు?"
కుప్పమ్మత్త, వక్క నములుకుంటా.
పదముగ్గురిలో ఏడుగురేసినాం.
నాలుగు వేల రెన్నూరు.
కాంతమ్మ వెయ్యలా.

ముత్తమ్మ దాన్ని వాళ్ల దుడ్లలోకి మార్చి చూసి
నెల బాడుగకు చాలదనింది,
తాళమెయ్యకుండా ఆగతారులే అనింది.
ఫారం సంగతి అడిగితే
ఆరో గడిలో పదకొండు రాసి కొట్టేసిందంట,
ఒకటి రాసి అదీ కొట్టేసిందంట,
ఖాళీగా పంపితే కంప్యూటరు ఒప్పుకోలేదంట.
చివరికేం రాసిందో చెప్పలా.
జవాబు ఇంకా రాలా.

మొన్న శనివారం
ఫోన్లో వాయిస్ మెసేజి పెట్టింది.
రేకు మీద వానచప్పుడు, బిడ్డ ఏడుపు,
ఎవురో నగతా ఉండారు.
ఉన్నట్టుండి ఒక గొంతు గట్టిగా గద్దించింది.
"ఏమంటాది?" అంటే
ముత్తమ్మ కండ్లు తుడుచుకుంటా నగింది:
"విప్పి మళ్లీ అల్లమంటా ఉండాది."

ఎవురూ మాట్లాడలా.
వాకిట్లో చెప్పులేసుకుంటా ఉండిన కాంతమ్మ
ఒంటికాలి చెప్పుతో అట్లే నిలబడి
"ఇంకోసారి పెట్టు" అనింది.